ఇంట్ కొలత ఇంకా తేలలేదు

సీ భాష పాఠం మొదలైన వారం లోపే విద్యార్థి చెవిన పడే ప్రశ్న ఒకటుంది: ఇంట్ సైజు ఎంత? బిట్ పేపర్లలో అది ఉంటుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ అడుగుతాడు. అమీర్‌పేట కోచింగ్ నోట్సులో మొదటి పేజీల్లోనే దర్శనమిస్తుంది. ఒకప్పుడు దానికి జవాబు 2 బైట్లు. ఇవాళ 4 బైట్లు. ఈ రెండో జవాబుతో వ్యవహారం ముగిసిపోయిందని అందరి నమ్మకం. ల్యాప్‌టాప్ అయినా, సర్వర్ అయినా, జేబులో ఫోన్ అయినా ఇంట్ అంటే 32 బిట్లేనట. ఒక మెషీన్ కోసం రాసిన ప్రోగ్రాము ఇంకో మెషీన్ మీద లెక్క తప్పుతుందేమోనన్న బెంగ పాత తరంతోనే పోయిందట. పాఠం చెప్పేవాళ్లే కాదు, కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లూ ఇదే మాట అంటారు.

వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. యునిక్స్ వ్యవస్థలకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్, ఇంట్‌కు కనీసం 32 బిట్లు ఉండి తీరాలని 2001లోనే నిర్ణయించింది. విండోస్, లినక్స్, మాక్, ఆండ్రాయిడ్ నాలుగింటిలోనూ ఇవాళ ఇంట్ 4 బైట్లే. ఉద్యోగ జీవితమంతా సర్వర్ల మీదే గడిపే మనిషికి వేరే ఇంట్ ఎదురుపడకపోవచ్చు కూడా. అయినా ఆ నమ్మకం తప్పు. కాలేజీ ల్యాబుల్లో, పొలం గట్టున పెట్టే చిన్న బోర్డుల్లో, ఊరి పేరును తెలుగులో రాసుకోవాలనుకునే ప్రోగ్రాముల్లో అది రోజూ తప్పుతోంది. ఆ తప్పు ఖరీదును ఎక్కువగా మోస్తున్నది కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు లాంటి చోట్ల నుంచి వచ్చి కంప్యూటర్ చదువుతున్న పిల్లలు.

ముందుగా ప్రమాణపత్రం ఏమంటున్నదో చూడాలి. సీ భాషకు 1989లో అమెరికాలో, మరుసటి ఏడు అంతర్జాతీయంగా ప్రమాణం ఏర్పడింది. ఇంట్ ఇన్ని బైట్లని అందులో ఎక్కడా లేదు. మైనస్ 32,767 నుంచి 32,767 దాకా పట్టి తీరాలని మాత్రమే ఉంది. లాంగ్‌లో 214 కోట్ల 74 లక్షల పైచిలుకు పట్టాలి. చార్ 8 బిట్లకు తగ్గకూడదు. ఇవన్నీ కనీస హామీలు. అంతకు మించి ఎంత ఇస్తుందో కంపైలర్ ఇష్టం. ఎంత ఇచ్చిందో లిమిట్స్ హెడర్ ఫైలులో రాసి పెట్టాల్సిన బాధ్యత కూడా దానిదే.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. కెర్నిఘన్, రిచీ కలిసి 1978లో అచ్చువేసిన తొలి సీ పుస్తకంలోనే నాలుగు మెషీన్ల పట్టిక ఉంది. పీడీపీ-11లో ఇంట్ 16 బిట్లు. హనీవెల్ 6000లో 36. ఐబీఎం 370లోనూ ఇంటర్‌డేటా 8/32లోనూ 32. హనీవెల్‌లో చార్ కూడా 8 బిట్లు కాదు, 9. భాషను పుట్టించిన రిచీయే మొదటి పుస్తకంలో నాలుగు మెషీన్లకు మూడు రకాల ఇంట్‌లు చూపిస్తే, అర్ధ శతాబ్దం గడవబోతున్నా మన ప్రశ్నపత్రాలు ఒక్క అంకెనే అడుగుతున్నాయి. కిలోలు రాకముందు మణుగు అంటే మద్రాసులో సుమారు 11 కిలోలు, బెంగాల్‌లో 37 కిలోలకు పైన. సరుకు దూరం పోతుందంటే వ్యాపారి ఏ మణుగో చెప్పి మరీ బేరం ఆడేవాడు. ఇంట్‌తో పనిచేసే ప్రోగ్రామర్‌కు ఉండాల్సిన జాగ్రత్తా అంతే.

కొన్ని పుస్తకాలు కాస్త సవరించి, 16 బిట్ల కంపైలర్‌లో 2 బైట్లు, 32 బిట్ల కంపైలర్‌లో 4 బైట్లు అని రాస్తాయి. చూడ్డానికి ఇది మెరుగు. విద్యార్థి మాత్రం దాని నుంచి ఒక సూత్రం లాగుతాడు: మెషీన్ ఎన్ని బిట్లయితే ఇంట్ అన్ని బిట్లు. ఆ సూత్రం రెండు వైపులా కూలిపోతుంది. ఇవాళ్టి 64 బిట్ల ల్యాప్‌టాప్‌లో ఇంట్ 8 బైట్లు కాదు, నాలుగే. ఆర్డ్యునో ఊనో ఆర్3 బోర్డులో ఉన్నది 8 బిట్ల చిప్. అక్కడ ఇంట్ ఒక బైటు కాదు, రెండు. సగం నిజం నేర్పితే విద్యార్థి మిగతా సగాన్ని సొంతంగా పూరించుకుంటాడు, అదీ తప్పుగా.

ఇక ల్యాబుల సంగతి. బోర్లాండ్ సంస్థ 1987లో విడుదల చేసిన టర్బో సీ, దాని తర్వాత వచ్చిన టర్బో సీ ప్లస్ ప్లస్ మన కాలేజీలను ఇప్పటికీ పూర్తిగా వదలలేదు. అవి డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములు. 64 బిట్ల విండోస్ వాటిని నడపనంటే, డాస్‌బాక్స్ అనే అనుకరణ పొర వేసి మరీ నడిపిస్తున్నారు. నీలం తెర, కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్, చివర గెట్‌చ్... రికార్డు పుస్తకాల్లో ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి.

ఆ తెర మీద ఒక మామూలు లెక్క వేద్దాం. 2024-25 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ఆదోని యార్డుకు ఒక రైతు 4 క్వింటాళ్లు తెచ్చాడనుకుంటే బిల్లు 30,084. ధర, తూకం, మొత్తం మూడింటినీ ఇంట్‌గా ప్రకటించిన టర్బో సీ ప్రోగ్రాము ఆ మొత్తాన్ని సరిగ్గానే చూపిస్తుంది. అదే రైతు 5 క్వింటాళ్లు తెస్తే రావాల్సింది 37,605. తెర మీద కనిపించేది మైనస్ 27,931. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, ప్రోగ్రాము ఆగిపోదు. 32,767 దాటగానే అంకె గిర్రున తిరిగి రుణ సంఖ్యల్లోకి జారిపోయింది. పైకం రావాల్సిన రైతు ఎదురు బాకీ పడ్డట్టయింది. కర్నూలు పిన్ కోడ్ 518001 కూడా ఆ ఇంట్‌లో పట్టదు. మైనస్ 6,287గా మారిపోతుంది.

నాలుగు బైట్ల పక్షం వాళ్లు ఇక్కడ లేచి, అందుకే కదా టర్బో సీని పారేయమంటున్నామంటారు. పారేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. దాన్ని పారేసినంత మాత్రాన చిక్కు తీరుతుందనడమే సరికాదు. టర్బో సీ స్థానంలో కాలేజీల్లోకి వచ్చి చేరినవాటిలో ఆర్డ్యునో ఒకటి. అది మ్యూజియంలో ఉండే వస్తువు కాదు. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో, సైన్సు ప్రదర్శనల్లో కొత్త తరం చేతికి మొదట అందే బోర్డు అదే.

రాయలసీమలో ఆ బోర్డుతో ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. మట్టిలో తేమ కొలిచే సెన్సరు, ఒక రిలే, బోరు మోటారు, డ్రిప్ పైపులు. ప్రోగ్రాము చిన్నది. తేమ చూడు, తక్కువుంటే మోటారు వెయ్యి, ఒక నిమిషం ఆగు, మళ్లీ తేమ చూడు, చాలనుకుంటే మోటారు ఆపు. ఆ నిమిషం కోసం డిలే ఫంక్షన్‌కు మిల్లీసెకన్లు ఇవ్వాలి. నిమిషానికి అరవై సెకన్లు, సెకనుకు వెయ్యి మిల్లీసెకన్లు కాబట్టి చదివేవాళ్లకు అర్థమయ్యేలా 60 * 1000 అని రాస్తారు. మంచి అలవాటే. ఈఎస్‌పీ32 బోర్డు మీద ఆ ప్రోగ్రాము నిమిషం ఆగి ముందుకు పోతుంది. అదే వాక్యం ఊనో ఆర్3 మీద వేస్తే పరిస్థితి వేరు. అక్కడ 60 ఇంట్, 1000 ఇంట్, వాటి గుణకారం కూడా ఇంటే. ఆ ఇంట్‌లో 60,000 పట్టదు. వచ్చేది మైనస్ 5,536. డిలే ఫంక్షన్ రుణ సంఖ్యలు తీసుకోదు, 32 బిట్ల ధన సంఖ్యగానే చదువుకుంటుంది. అలా చదివితే అది 429 కోట్ల 49 లక్షల 61 వేల 760 మిల్లీసెకన్లు. అంటే 49 రోజుల 17 గంటలు.

నిమిషం తర్వాత ఆగాల్సిన మోటారు ఆగదు. కరెంటు ఉన్నంతసేపూ తోడుతూనే ఉంటుంది. అడుగంటిన బోరులో మోటారు నీళ్లు లేకుండా తిరిగితే వైండింగ్ ఏమవుతుందో సీమ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దిద్దుబాటు రెండక్షరాల పని. 60 వెనక యూ, ఎల్ చేర్చి అది అన్‌సైన్డ్ లాంగ్ అని చెబితే చాలు. కానీ దిద్దాలంటే ముందు తప్పు కనబడాలి. జీసీసీ కంపైలర్ ఈ గుణకారాన్ని పట్టుకుని హెచ్చరించగలదు. ఆర్డ్యునో సాఫ్ట్‌వేర్‌లో మాత్రం హెచ్చరికలు మొదటి నుంచీ మూసే ఉంటాయి, సెట్టింగుల్లోకి వెళ్లి తెరవాలి. ఇంట్ అంటే నాలుగు బైట్లని బట్టీ పట్టిన విద్యార్థి సెన్సరును అనుమానిస్తాడు, రిలే మారుస్తాడు, వైర్లన్నీ పీకి మళ్లీ పెడతాడు. గుణకారం దగ్గరికి అతని చూపు పోదు. పోకుండా చేసింది ఆ ఒక్క మార్కు జవాబే.

ఈ కథకు 2023లో ఇంకో మలుపు వచ్చింది. ఆర్డ్యునో సంస్థ ఊనో ఆర్4 పేరుతో 32 బిట్ల చిప్ ఉన్న బోర్డు తెచ్చింది. పేరు అదే ఊనో, ఆకారం అదే, పిన్నుల వరస అదే. ఆర్3లో ఇంట్ 2 బైట్లు, ఆర్4లో 4. కొత్త బోర్డు మీద పరీక్షించి, పొలంలో పాత బోర్డు పెట్టినవాడికి మెషీన్లన్నీ ఒకటేనన్న మాట ఎంత అక్కరకొస్తుంది?

సరే, చిన్న బోర్డులు వదిలేద్దాం, పెద్ద కంప్యూటర్లలోనైనా తేడా లేదు కదా అంటారు. ఉంది. అది లాంగ్ దగ్గర ఉంది. 1990లలో 64 బిట్ల యునిక్స్ వ్యవస్థలు లాంగ్‌ను 8 బైట్లు చేసుకున్నాయి. మైక్రోసాఫ్ట్ మాత్రం, లాంగ్ నాలుగు బైట్లేనన్న నమ్మకంతో రాసిన పాత ప్రోగ్రాములు లెక్కలేనన్ని ఉన్నాయని, 64 బిట్ల విండోస్‌లోనూ 4 బైట్లుగానే ఉంచేసింది. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఒక భాగంలో, లినక్స్ ఇంకో భాగంలో ఉంటే, అదే ప్రాసెసర్ మీద, అదే సోర్స్ ఫైలుకు రెండు వేర్వేరు లాంగ్‌లు దొరుకుతాయి. ఇది పాత తరం సంగతి కాదు, ఈ ఏడు కొన్న ల్యాప్‌టాప్ సంగతి.

విద్యార్థుల ప్రాజెక్టుల్లో దీని దెబ్బ ఎక్కడ పడుతుందంటే, ఫోన్ నంబరు దగ్గర. మన మొబైల్ నంబర్లు పది అంకెలవి, ఆరు నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకెతో ఆరంభమవుతాయి. అంటే అతి చిన్న నంబరైనా 600 కోట్లు. 32 బిట్లలో రుణ సంఖ్యలు వదులుకున్నా పట్టేది 429 కోట్ల చిల్లరే. మన దేశపు మొబైల్ నంబరు ఒక్కటి కూడా 4 బైట్లలో కూర్చోదు. లాంగ్ పెట్టి లినక్స్ మీద రాస్తే పనిచేస్తుంది. దాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కాలేజీ విండోస్ మెషీన్‌లో కంపైల్ చేస్తే నంబర్లన్నీ చెత్తవుతాయి. పన్నెండంకెల ఆధార్‌కూ ఇదే గతి. అసలు ఫోన్ నంబరును, ఆధార్‌ను ఎవరూ కూడరు, తీసెయ్యరు. అవి అక్షరాల వరసగా ఉండాల్సినవి. ఇంట్ సైజు ఎంత అనే ప్రశ్నకు బదులు ఈ విలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పోతుంది, దీనితో ఏ లెక్క చేస్తాం అని అడగడం నేర్పి ఉంటే ఆ ప్రాజెక్టు మొదటి రోజే సరైన దారిలో పడేది.

ఇంకొందరి వాదన ఇంకో రకం. ఇప్పుడు సీ ఎవడు రాస్తాడు, అందరూ పైథాన్ కదా, అందులో పూర్ణాంకం ఎంత పెద్దదైనా పడుతుంది కదా అంటారు. పైథాన్ సొంత పూర్ణాంకాల వరకు అది నిజం. కానీ డేటా సైన్స్ కోర్సుల్లో లెక్కలన్నీ నడిచేది నంపై అనే లైబ్రరీ మీద, నంపై లోపల ఉన్నది సీ. మామూలుగా ఇచ్చే పూర్ణాంకం రకంగా అది సీలోని లాంగ్‌నే వాడుకుంది. అందువల్ల విండోస్‌లో 32 బిట్లు, లినక్స్‌లో 64. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చేదాకా ఈ తేడా అలాగే నడిచింది. 3 లక్షల క్వింటాళ్ల పత్తిని 7,521తో గుణిస్తే 225 కోట్ల 63 లక్షలు రావాలి. ఆ అంకెను శ్రేణిలో పెట్టి గుణిస్తే లినక్స్ మీద నడిచే కోలాబ్‌లో సరిగ్గానే వచ్చేది. విండోస్ ల్యాప్‌టాప్‌లో మైనస్ 203 కోట్ల 86 లక్షల చిల్లర చూపించి ఊరుకునేది. సీ అక్కర్లేదనుకున్నవాళ్లు కూడా ఇన్నేళ్లూ సీ లాంగ్ మీదే లెక్కలు వేశారు, ఆ సంగతి ఎవరూ చెప్పలేదంతే.

చార్ విషయంలో తెలుగువాళ్లకు సొంత పేచీ ఉంది. చార్ ఒక బైటు, అందులో ఒక అక్షరం అని పుస్తకం చెబుతుంది. కోసిగి అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 6 బైట్లు. తెలుగులో యూటీఎఫ్-8 పద్ధతిన రాస్తే ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. క, ఓత్వం, స, గుడి, గ, మళ్లీ గుడి కలిపి ఆరు సంకేతాలు, మొత్తం 18 బైట్లు. ఊరి పేరుకు పది గదుల చార్ శ్రేణి కేటాయించిన ప్రోగ్రాము ఈ పేరును అందులోకి కాపీ చేస్తే పక్కనున్న మెమరీని తొక్కేస్తుంది. వైడ్ క్యారెక్టర్ రకం వాడదామంటే విండోస్‌లో అది 2 బైట్లు, లినక్స్‌లో 4. ఇదే పేరు అక్కడ 12 బైట్లు, ఇక్కడ 24. ఒకచోట ఫైలులో నేరుగా రాసింది ఇంకోచోట చదవరాదు.

అక్కడితో అయిపోలేదు. తెలుగు సంకేతాలన్నింటికీ యూటీఎఫ్-8లో మొదటి బైటు 224. ఇంటెల్ ప్రాసెసర్ల మీద చార్‌కు మామూలుగా రుణ సంఖ్యలుంటాయి కాబట్టి ఆ 224 కాస్తా మైనస్ 32 అవుతుంది. రాస్ప్‌బెర్రీ పై, ఆండ్రాయిడ్ ఫోన్లలాంటి ఆర్మ్ మెషీన్ల మీద చార్ మామూలుగా ధనమే, అక్కడ 224గానే ఉంటుంది. ప్రమాణం రెండింటినీ ఒప్పుకుంటుంది. ఇది అక్షరమా కాదా అని చూసే లైబ్రరీ ఫంక్షన్‌కు మైనస్ 32 ఇస్తే ఏం జరుగుతుందో సీ హామీ ఇవ్వదు. విజువల్ సీ డీబగ్ రూపంలో ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇంగ్లీషు మాత్రమే టైపు చేసి పరీక్షించిన వాడికి ఇదేదీ కనిపించదు. తెలుగులో పేరు టైపు చేసిన మొదటి మనిషికే కనిపిస్తుంది. మన భాషను కంప్యూటర్లలో సరిగ్గా నిలబెట్టాలనుకునేవాళ్లకు చార్ కొలత, దాని గుర్తు ప్రాణసమానమైన సంగతులు.

ఈ గొడవంతా ఎరిగిన పెద్దలు కొందరు ఒక మందు చెబుతారు. 1999 ప్రమాణంలో ఖచ్చితమైన కొలతల రకాలు వచ్చాయి కదా, ఇంట్32_టీ, యూఇంట్16_టీ లాంటివే ఎల్లెడలా వాడండి, ఇంట్ ముఖం చూడకండి అంటారు. ఆ రకాలు రావడం గొప్ప మేలు. ఫైలులో రాసేటప్పుడు, నెట్‌వర్క్ మీద పంపేటప్పుడు, చిప్ రిజిస్టర్లతో మాట్లాడేటప్పుడు అవి తప్పనిసరి. కానీ అవి పెట్టినంత మాత్రాన ఇంట్ నుంచి విముక్తి దొరకదు. సీలో లెక్క వేసే ముందు చిన్న రకాలన్నీ ఇంట్‌గా పెరుగుతాయి. ఆ పెరుగుదల ఇంట్ ఎంత ఉందన్న దాన్ని బట్టే జరుగుతుంది.

నీళ్ల ట్యాంకు ఉదాహరణ తీసుకోవచ్చు. కావాల్సిన మట్టం 40 సెంటీమీటర్లు, ఉన్న మట్టం 60. రెండూ యూఇంట్16_టీ. కావాల్సిన దాంట్లోంచి ఉన్నది తీసేస్తే సున్నా కన్నా తక్కువొస్తే మోటారు ఆపమని రాశారు. ల్యాప్‌టాప్ మీద రెండూ 32 బిట్ల ఇంట్‌గా పెరిగి మైనస్ 20 వస్తుంది, మోటారు ఆగుతుంది. ఊనో ఆర్3 మీద ఆ రకమే అన్‌సైన్డ్ ఇంట్, కాబట్టి తీసివేతకు వచ్చేది 65,516. అది సున్నా కన్నా తక్కువ కాదు. నిండిన ట్యాంకులోకి నీళ్లు పోస్తూనే ఉంటుంది. రకాలు రెండుచోట్లా ఒకటే, కొలతలు ఒకటే, ఫలితం వేరు. తీసివేతకు బదులు రెండు మట్టాలనూ నేరుగా పోల్చి ఉంటే ఎక్కడైనా సరిగ్గా నడిచేది. పెద్దలు చెప్పిన మందు మంచిదే, రోగమేమిటో తెలియనివాడి చేతిలో పెడితేనే చాలడం లేదు.

మార్కుల పరీక్షలో ఒక బిట్ తప్పితే కొంప మునగదని తీసిపారేసే వాళ్లకు లోకంలో జరిగినవి కొన్ని గుర్తుచేయాలి. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానా నుంచి లేచిన ఏరియన్ 5 రాకెట్ నిమిషం తిరగకుండా పేలిపోయింది. 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి కుదించబోయారు, అది పట్టలేదు. అది రాసింది అడా భాషలో. భాష మారితే ఈ జబ్బు పోదనడానికి అదే సాక్ష్యం. అమెరికాలో కోమెయిర్ విమానసంస్థ 2004 క్రిస్మస్ నాడు విమానాలన్నీ నిలిపేయాల్సి వచ్చింది. సిబ్బంది డ్యూటీల సాఫ్ట్‌వేర్ నెలకు 32 వేల చిల్లర మార్పులకు మించి లెక్కపెట్టలేకపోయింది. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ, బోయింగ్ 787 విమానంలో కరెంటు 248 రోజులు ఆపకుండా ఉంచితే జనరేటర్లు ఆగిపోవచ్చని ఆదేశం ఇచ్చింది. సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెట్టే 32 బిట్ల కౌంటరు నిండేది అన్ని రోజులకే.

మరీ దగ్గరిది కావాలంటే 2022 జనవరి 1 చూడవచ్చు. ఆ రోజు మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్లలో మెయిళ్లు క్యూలో ఇరుక్కుపోయాయి. వైరస్ తనిఖీ భాగం తన వెర్షన్‌ను ఏడాది, నెల, తేదీ కలిపి ఒకే సంఖ్యగా రాసుకునేది. 22తో మొదలైన ఆ పదంకెల సంఖ్య 2201010001, 32 బిట్ల హద్దైన 2147483647ను దాటేసింది. రాసినవాళ్లు పల్లెటూరి విద్యార్థులు కారు, పాత టర్బో సీ వాడినవాళ్లు కారు. నాలుగు బైట్లు చాలనుకున్నారు, అంతే.

ఇంతకన్నా పెద్దది ముందుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్న 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19, మంగళవారం, మన కాలమానంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతాయి. ఆ మరుక్షణం అవి 1901 డిసెంబరులోకి పడిపోతాయి. 2020లో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.6తో 32 బిట్ల మెషీన్లకు ఈ గండం దాటే దారి ఏర్పడింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 తన 32 బిట్ల ఆర్మ్ కూర్పులను 64 బిట్ల కాలానికి మార్చింది. ఆ మార్పు కోసం వేల ప్యాకేజీలను తిరిగి కంపైల్ చేయాల్సి వచ్చింది. అంత చేసినా, కాలాన్ని తీసుకొచ్చి ఇంట్‌లోనో, విండోస్ లాంగ్‌లోనో దాచుకున్న ప్రోగ్రామును ఏ కెర్నల్ కాపాడలేదు. 2038 దాకా ఆగనక్కర్లేదు కూడా. ఇవాళ ఇరవై ఏళ్లకు ఇంటి అప్పు తీసుకుంటే చివరి వాయిదా ఆ తేదీ అవతలే పడుతుంది.

ఇక అన్నిటికన్నా బాధ కలిగించే వాదన ఒకటుంది. ఊళ్లనుంచి వచ్చిన పిల్లలకు ఇంత లోతు అర్థం కాదు, ఒక అంకె చెప్పి ముందుకు పోవడమే వాళ్లకు మేలు అని. కోసిగి వైపు వానల్లేని ఏడాది కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు, కూలికి బెంగళూరుకు పోతాయి. అలాంటి ఇంట్లోంచి మొదటిసారి ఇంజినీరింగు మెట్టెక్కిన పిల్లకు సొంత ల్యాప్‌టాప్ చాలా ఆలస్యంగా చేతికొస్తుంది. ఆమె చూసే మెషీన్ ల్యాబులో ఉన్నది ఒక్కటే, చదివే పుస్తకం సీనియర్ల దగ్గర తీసుకున్నది ఒక్కటే. పట్నంలో రెండు మూడు మెషీన్లు మార్చి వాడే పిల్లలు పుస్తకం తప్పును ఎప్పుడో ఒకప్పుడు తమంతట తామే పట్టుకుంటారు. ఆమెకు ఆ అవకాశం లేదు. ఒక్క అంకె చాలన్న పాఠం ఎవరికి మేలు చేస్తుందంటున్నారో, సరిగ్గా వాళ్లనే అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీస్తోంది. క్వింటాలు ధర, తరుగు, హమాలీ, కమీషన్ పోగా చేతికెంతొస్తుందో నోటితో లెక్కగట్టే ఇళ్లలో పుట్టినవాళ్లకు, ఒక పెట్టెలో ఎంత పడుతుంది, మన సరుకెంత అని చూసుకోవడం అర్థం కాదనడం అన్యాయం.

టైము లేదంటారు, సిలబస్ పెద్దదంటారు. కావాల్సింది రెండు ల్యాబ్ పీరియడ్లు. జీసీసీకి డబ్బు కట్టక్కర్లేదు. కంపైల్ చేసేటప్పుడు -Wall, -Wextra అనే రెండు హెచ్చరికల ఐచ్ఛికాలు తెరిచి ఉంచాలి. సానిటైజర్ అనే తనిఖీని జోడించి నడిపిస్తే పూర్ణాంకం ఎక్కడ హద్దు దాటిందో వరుస సంఖ్యతో సహా చెబుతుంది. మెమరీ కోరే మాలాక్ ఫంక్షన్‌కు హెడర్ పెట్టకుండా వదిలేసే పాత పుస్తకాల అలవాటును 2024 మేలో వచ్చిన జీసీసీ 14 ఎర్రర్‌గానే ఆపేస్తోంది. ఆ అలవాటు వల్ల 8 బైట్ల చిరునామా 4 బైట్ల ఇంట్‌లోకి తరిగిపోయేది. ల్యాబులో ఒక ఊనో ఆర్3 బోర్డు ఉంచి, అదే లెక్కను దాని మీద ఒకసారి, పీసీ మీద ఒకసారి నడిపించి రెండు ఫలితాలనూ రికార్డులో రాయించాలి.

ప్రశ్నపత్రంలో మార్చాల్సింది ఇంకా చిన్నది. ఇంట్ సైజు ఎంత అన్న ఒక మార్కు బిట్ తీసేసి, దాని చోట ఒక విలువ ఇవ్వాలి. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనాభా 40,53,463. దీన్ని దాచడానికి ప్రమాణం ఎక్కడైనా హామీ ఇచ్చే రకం ఏది, ఎందుకు, దాన్ని తలసరి రూపాయల్లో గుణిస్తే అదే రకం చాలుతుందా అని అడగాలి. వచ్చే సెమిస్టరు పేపరు తయారుచేసేవాళ్లు ఈ ఒక్క మార్పుతో మొదలుపెట్టవచ్చు. దానికి సిలబస్ కమిటీ సమావేశం కూడా అక్కర్లేదు.